కాలవ కట్టేసిన నెల

మా పాత సెప్టిక్ ట్యాంకు పైకి తేలింది.
నవ్వకండి, నిజంగానే తేలింది.
ఆశ్లేష కార్తెలో మూడు రోజులు ముసురు పట్టి
కౌశిక పొంగి పెరట్లోకొస్తే
అంతకు ముందు వారమే తోడించిన ట్యాంకు
ఖాళీ గంగాళంలా లేచి
పైపు విరుచుకుని
అరటి పిలకల మధ్య వాలుగా నిలబడింది.
చూడ్డానికొచ్చినవాళ్ళకి టీలు పెట్టాను.

మొదటి మేస్త్రి స్కూటర్ దిగలేదు.
గోడ మీంచే చూసి అరవై వేలన్నాడు.
రెండో ఆయన అమలాపురం నుంచి కారులో వచ్చి
సెల్లులో ఫొటోలు చూపించాడు.
అన్ని ట్యాంకులూ ఒకలాగే ఉన్నాయి,
పేరయ్య చూపించే పెళ్ళికొడుకుల్లా.
రేపే మొదలెడదాం మేడమ్, సగం అడ్వాన్సు కొట్టండి చాలు, అన్నాడు.
మేడమ్ అన్నందుకు దాదాపు కొట్టేశాను.
అంగన్‌వాడీలో గుడ్లు లెక్కపెట్టేదాన్ని,
నన్నెవరూ ఆ మాట అనరు.

మూడో మనిషి నేలపూడి జకరయ్య.
సైకిలుకి గడ్డపార కట్టుకొచ్చాడు.
ధర చెప్పలేదు. ప్రశ్నలడిగాడు.
ఇంట్లో ఎందరు? చుట్టాల రాకపోకలెక్కువా?
మీ బోరెక్కడ? పక్కవాళ్ళ బోరెక్కడ?
తాగేదీ ఆ నీళ్ళేనా?
వానలప్పుడు నీరు ఈ మెట్టు దాకానా, ఆ మెట్టు దాకానా?
మా ఆయనకి అంతమంది చుట్టాలున్న సంగతి
అతనికి లెక్క చెబుతుంటే నాకే తెలిసింది.

ఓ మూల మోకాలి లోతు తవ్వి
గట్టున గొంతుక్కూర్చున్నాడు.
ఏం చేస్తున్నావయ్యా అంటే
నీళ్ళ కోసం చూస్తున్నానండి, అన్నాడు.
బీడీ సగం కాలేలోపు వచ్చాయి,
నల్లగా, ఎవరూ పిలవకుండానే.
"ఇది నేల కాదండి, నీళ్ళ మీద పరిచిన చాప.
ఇప్పుడు కడితే మళ్ళీ తేలుద్ది.
కాలవ కట్టేశాక పిలవండి. వైశాఖంలో."

తొమ్మిది నెలలు!
తొమ్మిది నెలలు పక్కింటి సుభాషిణి గారి దొడ్డి గుమ్మం తొక్కాం,
అర్ధరాత్రి పిల్లాడికి కడుపు నొప్పొచ్చినా.
ఆవిడ ఒక్కరోజూ విసుక్కోలేదు.
అదే కష్టం.
విసుక్కుంటే నేనూ ఏదో ఒకటి అని తేలికపడేదాన్ని.

కాలవకి నీళ్ళాపిన నాలుగో రోజు
బురదలో జెల్లలు ఏరుకునే పిల్లల్ని దాటుకుని
జకరయ్య వచ్చాడు. వెనకాల
అంబాజీపేట నుంచి ట్రక్కాటోలో వరలు.
సుభాషిణి గారి బోరు నుంచి అంగలేసుకుంటూ వచ్చి
సరిగ్గా నా మల్లెపందిరి కింద ఆగాడు.
పందిరి పోయింది. ఊరుకున్నాను.
అడుగున వరలకంటే జానెడు వెడల్పుగా
కాంక్రీటు పోశాడు.
లంగరండి, పడవక్కూడా ఉంటుంది కదా, అన్నాడు.

పనయ్యాక జేబులోంచి మడత కాయితం తీశాడు.
లెక్క అనుకున్నాను. కాదు.
*ఈ గోతిలోకి ఎప్పుడూ మనిషిని దింపను.
నిండితే మిషనే. ఎంత తొందరైనా మిషనే.*
కింద గీత గీసి, దాని మీద నా పేరు రాయమన్నాడు.
డబ్బు పుచ్చుకునేవాడు షరతు పెట్టడం
అదే చూడ్డం. కొంచెం కోపం కూడా వచ్చింది.
సాక్షి దగ్గర అప్పటికే ఓ సంతకముంది,
కొత్తగా నేర్చుకున్న వంకర అక్షరాలు:
నేలపూడి మార్తమ్మ.
ఎవరీవిడ?
మా వదినండి, అన్నాడు,
నున్నగానే ఉన్న మూత అంచుని
తాపీతో మళ్ళీ నున్నగా చేస్తూ.
మీ అన్న, అనబోయి
టీ తాగుతావా అన్నాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పాడు:
"రాత్రికే ట్యాంకు నిండా నీళ్ళు పట్టండి.
ఖాళీగా ఉంచితే దీనికి పడవ బుద్ధి పుడుద్ది."

జూన్ మొదటివారం కాలవ వదిలారు.
ఆ రాత్రే వాన.
టార్చి పట్టుకుని పెరట్లోకెళ్ళి
మూత మీద ఒక కాలు పెట్టాను, తర్వాత రెండోది.
తడుస్తూ కాసేపు అలాగే నిలబడ్డాను,
నా బరువు కూడా దానికి కొంచెం
పనికొస్తుందేమోనని.